శివారు కాలనీలో థాయ్ ఫుడ్: పక్క హోటలా, యాప్ పార్సిలా, సిటీ ప్రయాణమా, ఇంటి వంటా – ఏది మేలు?

సిటీ మధ్యలో ఉండేవాళ్లకు ఈ సందేహం రాదు. నాలుగడుగులు వేస్తే ఒక థాయ్ హోటల్, సందు తిరిగితే ఇంకొకటి. శివారుకు మారాకే తెలుస్తుంది సంగతి. ఇల్లు విశాలంగా ఉంటుంది, పార్కింగ్ గొడవ ఉండదు, కానీ పుల్లగా, కారంగా, ఘాటుగా ఏదైనా థాయ్ వంటకం తినాలనిపిస్తే ఎటు వెళ్లాలో తోచదు. మెయిన్ రోడ్డు మీద, సూపర్ మార్కెట్‌కీ లాండ్రీకీ మధ్య ఇరుక్కుని ఒక చిన్న థాయ్ హోటల్ ఉంటుంది. ఇంకాస్త అవతల సుషీ నుంచి ఫ్రైడ్ రైస్ దాకా అన్నీ దొరికే ‘ఏషియన్’ రెస్టారెంట్ ఒకటి. ఫోన్‌లో యాప్ ఎలాగూ ఉంది. ఓపికుంటే కారెక్కి సిటీకి పోవచ్చు. ఇవేవీ వద్దనుకుంటే ఇంట్లో పొయ్యి ఉంది.

వీటిలో ఏది మేలని ఎవరైనా అడిగితే, ఏం తిందామనుకుంటున్నారని నేను ఎదురు అడుగుతాను. థాయ్ వంటల్లో కొన్ని పెనం మీంచి దిగిన ఐదు నిమిషాల్లో తినేయాలి. కొన్ని మర్నాటికి ఇంకా రుచిగా ఉంటాయి. స్టార్లూ రివ్యూలూ చూసి హోటల్ ఎంచుకునేవాళ్లు ఈ తేడా పట్టించుకోరు. అందుకే మంచి హోటల్ నుంచి తెప్పించుకుని కూడా చప్పటి భోజనం చేస్తారు.

యాప్ సంగతి ముందు తేల్చేద్దాం. పాడ్ థాయ్‌నే తీసుకోండి. సన్నటి రైస్ నూడుల్స్‌ను బాగా కాలిన మూకుట్లో చింతపండు పులుసు, ఫిష్ సాస్, తాటి బెల్లంతో గబగబా వేయిస్తారు. ఎండు రొయ్యలు, గట్టి టోఫు ముక్కలు, ఊరబెట్టిన ముల్లంగి, గుడ్డు పడతాయి. పళ్లెంలోకి వచ్చినప్పుడు నూడుల్స్ విడివిడిగా, కొంచెం సాగుతూ ఉండాలి. పక్కన పచ్చి పెసర మొలకలు, నిమ్మ చెక్క, వేరుశనగ పొడి. ఇదే మూత బిగించిన డబ్బాలో అరగంట సిటీ ట్రాఫిక్‌లో తిరిగొస్తే ఆవిరికి నూడుల్స్ అన్నీ అతుక్కుంటాయి, మొలకలు వాడిపోతాయి, వేరుశనగ పొడి మెత్తబడుతుంది. ఫోర్కుతో ఎత్తితే మొత్తం ఒకే దిమ్మగా లేస్తుంది. పచ్చి బొప్పాయితో చేసే సోమ్ తమ్ అయితే ఇంకా అన్యాయం. ఉప్పూ పులుపూ తగిలాక బొప్పాయి నీరు వదులుతూనే ఉంటుంది, ఇంటికి చేరేసరికి డబ్బా అడుగున పుల్లనీళ్లు. వేపుళ్ల గురించి చెప్పనక్కర్లేదు. దీనికితోడు చాలా హోటళ్లు యాప్ కమిషన్ భారాన్ని యాప్ ధరల్లోనే కలిపేస్తాయి.

కొబ్బరిపాల కూరలు మాత్రం ప్రయాణానికి తట్టుకుంటాయి. మస్సమన్ అయితే మరీ. దాల్చినచెక్క, యాలకులు, లవంగాలు పడిన ఆ కూర నిలవుంటే మసాలా ముక్కలోకి దిగుతుంది. కాబట్టి యాప్‌లో తెప్పించుకోక తప్పని రోజున కూరా అన్నంతో సరిపెట్టుకోండి. టామ్ యమ్ సూపు ఫర్వాలేదు, కానీ నిమ్మరసం పొయ్యి మీంచి దించాక చివర్లో కలిపేది కదా, దారిలో ఆ తాజాదనం పోతుంది. ఇంట్లో ఇంకో అర చెక్క పిండుకుంటే మళ్లీ ప్రాణం వస్తుంది. అందులో తేలే నిమ్మగడ్డి, అల్లంలా ఉండే దుంపరాష్ట్రం ముక్కలు నమలడానికి కావు, పక్కకు తీసి పెట్టుకోవాలి.

అన్నీ దొరికే ‘ఏషియన్’ రెస్టారెంట్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. అక్కడ గ్రీన్ కర్రీ, రెడ్ కర్రీ రంగులో తప్ప రుచిలో తేడా ఉండదు, ప్రతిదానిలో క్యాప్సికమ్ ఉంటుంది. ఎప్పుడో ఒకసారి లోపల వంటమనిషి థాయ్‌లాండ్ నుంచి వచ్చినవారై ఉంటారు. అప్పుడు మెనూ పక్కన పెట్టి నేరుగా వారినే అడగడం మేలు.

ఇక అసలు పోటీ మూడింటి మధ్యే: పక్క హోటల్, సిటీ, ఇల్లు.

పక్క హోటల్‌ని జనం తక్కువ అంచనా వేస్తారు. దాని మెనూ చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది లెండి. ఏ దేశంలో ఏ ఊరికి వెళ్లినా అదే పాడ్ థాయ్, అదే గ్రీన్ కర్రీ, అదే టామ్ యమ్. దీనికో చరిత్ర ఉంది. సయాం పేరు 1939లో థాయ్‌లాండ్‌గా మారింది. అప్పటి ప్రధాని ఫిబున్ సోంగ్‌ఖ్రామ్ జాతీయతను ఊరూరా ప్రచారం చేసిన ఆ రోజుల్లోనే, ఆయన ప్రభుత్వ ప్రోత్సాహంతో పాడ్ థాయ్ దేశమంతా పాకింది. తర్వాత 2002లో థాయ్ ప్రభుత్వం ‘గ్లోబల్ థాయ్’ పేరుతో విదేశాల్లో థాయ్ రెస్టారెంట్లను పెంచే కార్యక్రమం మొదలుపెట్టింది. మీ శివారులోని ఆ చిన్న హోటల్ మెనూ కూడా ఈ దారిలో వచ్చిందే. బయటివాళ్లు భయపడకుండా తినేవి ముందు వరుసలో పెట్టారు. వంటమనిషికి ఇష్టమైనవి వెనక ఉండిపోయాయి, లేదా అసలు మెనూలోనే లేవు.

థాయ్ వాణిజ్య మంత్రిత్వ శాఖ ఇచ్చే ‘థాయ్ సెలెక్ట్’ గుర్తు తలుపు మీద కనిపిస్తే మంచి సూచనే. లేదని మాత్రం వెనక్కి తిరగొద్దు. భార్యాభర్తలిద్దరే నడిపే హోటల్‌వాళ్లకు దరఖాస్తులు నింపే తీరిక ఎక్కడిది? నేను చూసేవి వేరే. టేబుల్ మీద నాలుగు గిన్నెల స్టాండు ఉందా? ఎండుమిరప పొడి, పంచదార, మిరప ముక్కలు వేసిన వెనిగర్, మిరప ముక్కలు వేసిన ఫిష్ సాస్. థాయ్‌లాండ్‌లో నూడుల్ కొట్టు అన్నాక ఇది ఉండి తీరాలి. రుచి చివర్లో సరిచూసుకునేది తినేవాళ్లే. స్పూన్, ఫోర్కు ఇచ్చారా? థాయ్‌వాళ్లు అన్నం స్పూన్‌తో తింటారు, ఫోర్కుతో స్పూన్‌లోకి తోసుకుంటారు. చాప్‌స్టిక్స్ వాళ్లకు ముఖ్యంగా నూడుల్ సూపులకే. మెనూ రెండు పేజీల్లో ఉంటే నమ్మకం పెరుగుతుంది, పదిహేను పేజీలైతే తగ్గుతుంది. సోమ్ తమ్ ఆర్డర్ ఇచ్చాక లోపల్నుంచి టక్‌టక్‌మని రోకలి చప్పుడు వినిపించాలి. మట్టి రోట్లో చెక్క రోకలితో వెల్లుల్లి, మిరప ముందు నలిపి, తర్వాత బీన్స్, టమాటా, బొప్పాయి వేసి, ఒక చేత్తో దంచుతూ ఇంకో చేత్తో గరిటెతో కలుపుతారు. చప్పుడు రాలేదంటే అది పొద్దున్నే కలిపి ఫ్రిజ్‌లో పెట్టినదే కావచ్చు.

మొదటిసారి వెళ్లినప్పుడు పాడ్ థాయ్‌తో పరీక్ష పెట్టకండి. పాడ్ క్రపావ్ అడగండి. ఖీమా మాంసాన్ని దంచిన వెల్లుల్లి, మిరపతో పెద్ద మంట మీద వేయించి, చివర్లో గుప్పెడు క్రపావ్ ఆకు వేసి, అన్నం మీద పెట్టి, పైన అంచులు కరకరలాడేలా వేయించిన గుడ్డు పెడతారు. బ్యాంకాక్‌లో మధ్యాహ్నం ఏం తినాలో తోచనివాడు అడిగేది ఇదే. క్రపావ్ ఆకంటే మన తులసే. అదే జాతి మొక్క, వాసనలో లవంగం, మిరియం ఘాటు ఉంటుంది. చాలా హోటళ్లు దాని బదులు సోంపు వాసన వచ్చే హోరపా అనే తీపి రకాన్ని వేస్తాయి. పళ్లెంలో ఉల్లిపాయ, క్యాప్సికమ్, బేబీ కార్న్ నిండుగా కనిపించి ఆకు ఎక్కడో ఒకటి రెండు రెమ్మలుంటే హోటల్ ఎలాంటిదో తెలిసిపోతుంది. తులసి వేశారా అని అడగండి. ఆ ప్రశ్నకే వంటమనిషి తల బయట పెట్టి చూసిన హోటళ్లున్నాయి.

శివారు హోటల్‌కు ఒక నిజమైన జబ్బుంది: తీపి. కారం తినని కస్టమర్లు ఎక్కువైన కొద్దీ పంచదార పెరుగుతుంది, ఫిష్ సాస్ తగ్గుతుంది. ‘ఎక్కువ స్పైసీ’ అని చెబితే పైన మిరప పొడి చల్లి ఇస్తారు, లోపలి తీపి అలాగే ఉంటుంది. తీపి తగ్గించి, మీరు ఇంట్లో తినేట్టు చేయండని చెప్పాలి. రద్దీ లేని రోజు మధ్యాహ్నం వెళ్లి చెప్పాలి. పార్సిళ్లు వరస కట్టిన శుక్రవారం రాత్రి ఎంత మంచి వంటమనిషైనా మీ ముచ్చట వినడు. సిటీలో గుంపులో ఒకరిగా తినే మీకు ఇక్కడ దొరికే లాభం ఇదే, మూడోసారికి మొహం గుర్తుపడతారు. మీరు అడిగినట్టు వండటం వాళ్లకూ సరదాగా ఉంటుంది.

శాకాహారులకు కూడా ఇదే కారణంతో పక్క హోటలే నయం. థాయ్ వంటల్లో ‘మాంసం లేదు’ అంటే ఫిష్ సాస్ లేదని అర్థం కాదు. చాలా కర్రీ పేస్టుల్లో రొయ్యల ముద్ద ఉంటుంది, వేపుళ్లలో ఆయిస్టర్ సాస్ పడుతుంది. మాంసం, చేప, గుడ్డు, వెల్లుల్లి, ఉల్లి ఏవీ లేని భోజనాన్ని థాయ్‌లో ‘జే’ అంటారు. ఆ ఒక్క మాట చెబితే వంటమనిషికి వెంటనే అర్థమవుతుంది. వెల్లుల్లి, ఉల్లి పర్లేదనుకుంటే ఆ సంగతి కూడా చెప్పుకోవాలి. యాప్‌లో నోట్ రాస్తే ఇదంతా ఎవరు చదువుతారు?

సిటీ ప్రయాణం ఎప్పుడు దండగ కాదంటే, శివారులో అసలు దొరకనివి తినాలనుకున్నప్పుడు. ఈశాన్య థాయ్‌లాండ్‌లోని ఇసాన్ వంటలు అలాంటివి. వేయించి దంచిన బియ్యప్పొడి వేసే లాబ్, పులియబెట్టిన చేపతో చేసే సోమ్ తమ్, చేత్తో ఉండ చేసుకుని తినే జిగురు బియ్యం అన్నం. ఉత్తరాన చియాంగ్ మాయ్ వైపు తినే ఖావ్ సోయ్ కూడా అంతే. కొబ్బరిపాల పులుసులో మెత్తటి నూడుల్స్, పైన వేయించిన కరకర నూడుల్స్, పక్కన ఊరబెట్టిన ఆవకూర, పచ్చి చిన్నుల్లి, నిమ్మ. ఇవి తెలిసి అడిగేవాళ్లు చాలినంతమంది ఉంటేనే హోటల్‌కు గిట్టుబాటు, అందుకే సిటీలోనే ఉంటాయి. పాడ్ థాయ్ కోసం గంటసేపు కారు నడిపేవాళ్లను చూస్తే మాత్రం నాకు జాలి. వెళ్తే నలుగురు కలిసి వెళ్లండి. థాయ్ భోజనం మధ్యలో పెట్టుకుని పంచుకునేది, ఒక్కరే వెళ్తే ఒక్క వంటకమే తిని రావాలి.

తిరిగొచ్చేటప్పుడు ఆసియా సరుకుల కొట్టులో ఆగండి. నా లెక్కలో సిటీ ప్రయాణానికి సగం విలువ అక్కడే ఉంది. మేస్రి, మే ప్లాయ్ లాంటి థాయ్ కంపెనీల కర్రీ పేస్టులు, కొబ్బరిపాలు, ఫిష్ సాస్, మక్రుత్ నిమ్మ ఆకులు, నిమ్మగడ్డి, దుంపరాష్ట్రం తెచ్చుకోండి. పేస్టు అల్మారాలో నెలల తరబడి ఉంటుంది. ఆకులు, దుంప ముక్కలు, పచ్చిమిరప ఫ్రీజర్‌లో నిక్షేపంగా ఉంటాయి.

ఎందుకంటే కొబ్బరిపాల కూర విషయంలో ఇంటిదే గెలుపు. పేస్టు థాయ్‌లాండ్‌లో తయారైందే, చాలా హోటళ్లు వాడేదీ అలాంటిదే, మిగిలిందల్లా వేయించడం. కొబ్బరిపాల డబ్బాను కుదపకుండా తెరిచి, పైన పేరుకున్న చిక్కటి మీగడ నాలుగైదు చెంచాలు మూకుట్లో వేయండి. సన్నమంట మీద బుడగలు వచ్చి, కాసేపటికి మీగడ విరిగి నూనె తేలుతుంది. ఆ నూనెలోనే పేస్టు వేసి, పచ్చివాసన పోయి ఇల్లంతా ఘుమఘుమలాడేదాకా వేయించాలి. తర్వాతే ముక్కలు, మిగతా పాలు, మక్రుత్ ఆకు. చిక్కదనం కోసం రసాయనాలు కలిపిన కొన్ని డబ్బాల పాలు ఎంత కాచినా విరగవు. అప్పుడు చెంచాడు నూనె వేసుకోండి, తప్పేం లేదు. పేస్టులో ఉప్పు బాగానే ఉంటుంది కాబట్టి ఫిష్ సాస్ రుచి చూశాకే. శాకాహారులు డబ్బా వెనక పదార్థాల జాబితా చదవకుండా కొనొద్దు.

ఇంటి వంట ఓడిపోయేది మంట దగ్గర. ఇంటి గ్యాస్ మీద నలుగురికి సరిపడా నూడుల్స్ ఒకేసారి వేస్తే మూకుడు చల్లబడి, వేగాల్సినవి ఉడుకుతాయి. వెడల్పు నూడుల్స్‌తో చేసే పాడ్ సీ ఇవ్ అయితే ముక్కలు ముక్కలైపోతుంది. ఒక్కో ప్లేటు విడిగా చేసుకునే ఓపిక ఉంటే సరే, లేకపోతే వేపుళ్లన్నీ పక్క హోటల్‌కే వదిలేయండి. అక్కడే కూర్చుని వేడివేడిగా తినండి.

పక్కన ఆ ఒక్క హోటల్ కూడా లేని శివారులు చాలానే ఉన్నాయి. అలాంటిచోట కూరలు, టామ్ యమ్, పాడ్ క్రపావ్‌తో ఇంట్లోనే వారాలు గడిపేయొచ్చు. ఖీమా రెండు ప్లేట్లకు సరిపడా అయితే ఇంటి మంట కూడా చాలుతుంది. ఫ్రీజర్‌లో నిలవుండనిది తులసి ఒక్కటే, నల్లబడుతుంది. శివారు ఇంటికి ఎండ తగిలే పెరడో బాల్కనీయో ఉంటుంది కనక కుండీలో వేసుకుంటే సరి. పూత కనిపించినప్పుడల్లా గిల్లేస్తూ ఉండండి, లేకపోతే ఆకు తగ్గిపోతుంది. పాడ్ క్రపావ్‌కి ఒక్కసారికే గుప్పెడు పడుతుంది కాబట్టి ఒక కుండీ చాలదు, మూడు నాలుగు పెట్టుకోండి.