ప్రాజెక్ట్ చైల్డ్‌సేఫ్ కేబుల్ తాళం: ఉచితమే, కానీ వేసే వరుస తప్పకూడదు

అమెరికాలో ఇంట్లో పిస్టల్ ఉంచుకునే తెలుగువాళ్లు ముందుగా తెచ్చుకోవాల్సింది ప్రాజెక్ట్ చైల్డ్‌సేఫ్ అనే తుపాకీ భద్రతా కార్యక్రమం కింద ఇచ్చే ఈ తాళమే. చాలా ఊళ్లలో పోలీసు, షెరిఫ్ ఆఫీసుల్లో ఉచితంగా ఇస్తారు. ప్లాస్టిక్ తొడుగున్న ఉక్కు కేబుల్, దానికో చిన్న తాళంకప్ప, అంతే. 2005 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం లైసెన్సున్న డీలరు చేతితుపాకీతో పాటు తాళమో, తాళమున్న పెట్టెనో ఇచ్చితీరాలి కాబట్టి కొత్త పిస్టల్ డబ్బాలోనూ ఇలాంటిదే ఉంటుంది. చాలామంది దాన్ని డబ్బాలోనే వదిలేస్తారు.

వేసేటప్పుడు బ్యారెల్‌ను మనుషుల్లేని వైపు తిప్పి, వేలు ట్రిగ్గర్‌కు దూరంగా ఉంచాలి. ముందు మ్యాగజైన్ (తూటాలు నింపే డబ్బా) తీయాలి, ఆ తర్వాతే స్లైడ్ (పిస్టల్ పైన ముందుకూ వెనక్కీ జరిగే భాగం) లాగాలి. ఈ వరుస తారుమారైతే ఛాంబర్‌లోని (పేలడానికి సిద్ధంగా తూటా కూర్చునే చోటులోని) తూటా బయటపడగానే మ్యాగజైన్‌లోంచి ఇంకోటి ఎక్కి కూర్చుంటుంది. ఖాళీ చేశామనుకున్న తుపాకీ ఇందువల్ల కూడా పేలుతుంది. స్లైడ్‌ను వెనక్కి నిలిపి, ఛాంబర్‌ను కంటితో చూసి, చిటికెనవేలు పెట్టి తడిమి చూడాలి. అప్పుడు కేబుల్‌ను పేలిన తూటా గుల్ల బయటికి పడే సందులోంచి దూర్చి, మ్యాగజైన్ పట్టే గుంటలోంచి కిందికి తీసి కప్ప వేయాలి. స్లైడ్ ముందుకు రాకూడదు, మ్యాగజైన్ ఎక్కకూడదు. రివాల్వర్‌కైతే సిలిండర్ (తూటాలు పట్టే, గుండ్రంగా తిరిగే భాగం) తెరిచి, అది కూర్చునే ఖాళీలోంచి కేబుల్ తీయాలి. ట్రిగ్గర్ చుట్టూ మాత్రం ఎప్పుడూ చుట్టొద్దు. తూటా ఉన్న తుపాకీకి అలా చుడితే కేబులే ట్రిగ్గర్‌ను నొక్కేయగలదు.

లోపాలూ ఉన్నాయి. బోల్ట్ కట్టర్‌తో తెగిపోతుంది, పైగా తుపాకీని తాళంతో సహా ఎత్తుకుపోవచ్చు. అంటే ఇది పిల్లల చేతికి అడ్డు, దొంగకు కాదు. దొంగ భయం ఉంటే గోడకో నేలకో బోల్టులతో బిగించే ఉక్కు పెట్టె కొనాలి. సందు మరీ ఇరుకుగా ఉన్న చిన్న పిస్టళ్లలో కేబుల్ దూరకపోతే బలవంతం చేయొద్దు, వాటికీ పెట్టే మేలు.

తూటాలు వేరే చోట, వేరే తాళం కింద, అసలు అట్టపెట్టెలోనే, పొడిగా ఉంచాలి. వాటికి నూనె తగలనీయకూడదు, ప్రైమర్‌లోకి (తూటా అడుగున నిప్పు రగిల్చే బిళ్లలోకి) దిగితే తూటా పేలకుండా మొరాయిస్తుంది. తాళంచెవి అదే సొరుగులో ఉంటే తాళం ఉన్నా లేనట్టే. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉన్నప్పుడు మరీ జాగ్రత్త: సర్దుదామని అల్మరాలన్నీ తెరుస్తారు, ఎక్కడ ఏముందో వాళ్లకు ముందే చెప్పాలి.

పిల్లలున్న ఇంటికి 5కి 4. ఆ ఒక్క మార్కూ దొంగతనం దగ్గర పోయింది.