ఏడు పుస్తకాల సెట్టు కొన్నది ఒక్క థియాన్ కోసం

ముందే చెప్తున్నా, దీంట్లో స్పాయిలర్లు కుప్పలు తెప్పలు. గేమ్ ఆఫ్ థ్రోన్స్ చూడనివాళ్ళు, పుస్తకాలు చదవనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి. సెట్టు ఎలా ఉందో మాత్రమే కావాలంటే కింది పేరా చదివి వెళ్ళిపోండి, ఆ తర్వాతదంతా నా గోల.

సెట్టు సంగతి. జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ ఇప్పటికి రాసింది అయిదు నవలలే, కాకపోతే మూడోదీ అయిదోదీ మరీ దిండులంత ఉన్నాయని చెరో రెండు ముక్కలు చేసి బాక్సులో ఏడు పెట్టారు. ఏడు కనపడ్డాయి కదా కథ అయిపోయిందనుకుని కొనకండి, అవలేదు. అయిదోది 2011లో వచ్చింది, ఆరోదాని కోసం జనం అప్పట్నుంచీ ఎదురుచూస్తూనే ఉన్నారు. నాకొచ్చిన బాక్సు ఒక మూల నలిగిపోయి వచ్చింది, లోపల పుస్తకాలకేం కాలేదు కాబట్టి రిటర్న్ పెట్టలా. అక్షరాలు మాత్రం చీమ తలకాయలంత ఉన్నాయి, నలభై దాటినవాళ్ళు కళ్ళజోడు పక్కనే పెట్టుకోండి. పేపరు పల్చన, వెనక పేజీ అక్షరాలు ముందుకి కనపడుతుంటాయి, అట్ట వెనకవైపు రెండోసారి తెరిచేసరికే గీతలు పడిపోయాయి. పడుకుని చదివితే నిద్రొచ్చినప్పుడు మొహం మీద పడుద్ది, నాకు పడింది. ప్రతి పుస్తకం చివర ఏ వంశంలో ఎవరెవరని పెద్ద పట్టిక ఉంటుంది, అది లేకపోతే మనిషికి పిచ్చెక్కుద్ది. వస్తువుగా అయితే అయిదుకి మూడున్నర.

ఇంక గోల. నేను ఈ సెట్టు కొన్నదే ఒక మనిషి కోసం, థియాన్ గ్రేజాయ్. మా ఫ్రెండ్స్‌లో ఎవర్ని అడిగినా జాన్ స్నో అంటారు, టిరియన్ అంటారు, జేమీ అంటారు, థియాన్ అంటే మాత్రం ఛీ వాడా అని మొహం తిప్పుకుంటారు.

మర్చిపోయినవాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తా. వీళ్ళ నాన్న బేలాన్ తిరుగుబాటు చేసి ఓడిపోతే, మళ్ళీ తోక జాడించకుండా ఈ పిల్లాణ్ణి నెడ్ స్టార్క్ తీసుకొచ్చి వింటర్‌ఫెల్‌లో పెట్టుకున్నాడు. పేరుకి పెంపకం, లోపల మాత్రం బందీ. స్టార్క్ పిల్లలతోనే తిన్నాడు పెరిగాడు, రాబ్ అయితే సొంత తమ్ముడితో సమానం. ఆ రాబ్ నమ్మి నాన్న దగ్గరికి రాయబారం పంపిస్తే, అక్కడ నాన్న చీదరించుకునేసరికి ఎలాగైనా మెప్పు పొందాలని ప్లేటు తిప్పేసి, గుప్పెడు మందిని వేసుకొచ్చి తను పెరిగిన ఇల్లే పట్టుకున్నాడు. తర్వాత రాబ్ తమ్ముళ్ళు బ్రాన్, రికాన్ ఇద్దరూ చేతికి చిక్కకుండా పారిపోతే నలుగురిలో పరువు పోతుందని, పిండిమర నడిపేవాడి కొడుకులు ఇద్దర్ని చంపించి, ఆ తలలకి తారు పూసి గోడ మీద పెట్టించి ఇదిగో మీ స్టార్క్ పిల్లలు అని చూపించాడు. ఐడియా ఇచ్చింది వేరేవాడే, ఊ అన్నది మాత్రం ఇతనే. ఇదంతా 1998లో వచ్చిన రెండో పుస్తకంలో.

ఇలాంటోడికి మళ్ళీ మనిషయ్యే దారి ఉంటుందా?

సీరియల్ ఉంటుందనే చెప్పింది. 2019లో చివరి సీజన్ మనకి సోమవారం పొద్దున ఆరున్నరకి హాట్‌స్టార్‌లో వచ్చేది గుర్తుందా, ఆఫీస్ కెళ్ళేలోపు చూసెయ్యాలి, లేకపోతే క్యాబ్‌లో ఎవడో ఒకడు చెప్పేస్తాడు. మూడో ఎపిసోడ్ ఎంత చీకటిగా తీశారంటే నేను కర్టెన్లు మూసేసి, ఫోన్ బ్రైట్‌నెస్ మొత్తం పెంచి కూడా ఎవరు చస్తున్నారో పోల్చుకోలేకపోయా. అందులో థియాన్ బ్రాన్‌కి కాపలా నిలబడి, చివర్లో బ్రాన్ నువ్వు మంచోడివి అని ఒక మాట అనగానే ఈటె పట్టుకుని, చచ్చినవాళ్ళ సైన్యాన్ని నడిపే నైట్ కింగ్ మీదికి పరిగెత్తి చచ్చిపోతాడు. ఆల్ఫీ అలెన్ ఎంత బాగా చేశాడంటే ఆ నిమిషం నాకూ కళ్ళు తడిశాయి, ఆ ఏడాది ఎమ్మీకి నామినేట్ కూడా అయ్యాడు.

కానీ స్నానం చేస్తుంటే ఎక్కడో తేడా కొట్టింది. అరే ఇది మన సినిమా క్లైమాక్సే కదా! హీరోకి తగలాల్సిన బుల్లెట్‌కి విలన్ తమ్ముడు అడ్డంపడి, నన్ను క్షమించన్నా అని తల వాల్చేస్తాడే, అదే. ఇంకోటి, బ్రాన్ ఎవరు మంచోడివని సర్టిఫికెట్ ఇవ్వడానికి? నిజమే, థియాన్ బ్రాన్ ఇల్లు పట్టుకున్నాడు, బ్రాన్ మనుషుల్ని చంపాడు, దానికి బ్రాన్ క్షమించొచ్చు. పిండిమర పిల్లల సంగతేంటి? వాళ్ళ తరఫున మాట్లాడేవాడు ఆ ఎపిసోడ్ మొత్తంలో ఒక్కడు లేడు. ఒక ఆఫీసులో కట్టాల్సిన బాకీకి ఇంకో ఆఫీసులో రసీదు తెచ్చుకున్నట్టు ఉంది యవ్వారం.

మన దగ్గర ఇలాంటోడు ఒకడున్నాడు, అశ్వత్థామ. నిద్రపోతున్న ఉపపాండవుల్ని చంపాడు, అదీ చాలక ఉత్తర కడుపులో బిడ్డ మీదికి అస్త్రం వేశాడు. పోతన భాగవతంలో అర్జునుడు వీణ్ణి కట్టేసి లాక్కొస్తే, వదిలెయ్యమని అడిగేది ఎవరు? ద్రౌపది. అయిదుగురు పిల్లల్ని పోగొట్టుకున్న తల్లి, నేను ఏడుస్తున్నట్టే వీళ్ళమ్మ కృపి కూడా ఏడుస్తుంది అంటుంది. ఆ మాట ఆవిడ అంటే విలువ, ఆవిడ నోటి నుంచే రావాలి. ఆవిడ అడిగినా వాడు ఊరికే పోలేదు, జుట్టు గొరిగి, తలమీద మణి పీకి తరిమేశారు. ప్రాణం మిగిలింది, పరువు మిగల్లేదు. 2024లో వచ్చిన కల్కి 2898 ఏడీలో నాగ్ అశ్విన్ దీన్నే ఇంకొంచెం ముందుకి లాగాడు, కడుపులో బిడ్డని చంపబోయినవాడు వేల ఏళ్ళు ఆగి ఇంకో కడుపులో బిడ్డకి కాపలా కాయాలి అన్నాడు. సినిమాలో మిగతా విషయాలు నాకంత ఎక్కలేదు గానీ ఆ లెక్క మాత్రం కరెక్ట్‌గా పెట్టాడనిపించింది. ఏ తప్పు చేశావో సరిగ్గా దాని ఎదురుగానే నిలబడాలి, వేరే ఎక్కడో వీరత్వం చూపిస్తే కుదరదు.

పుస్తకంలో థియాన్‌కి అదే ఉంటుందని విని సెట్టు ఆర్డర్ పెట్టా. ఉంది, సీరియల్ కన్నా వందరెట్లు బాగా ఉంది.

మూడు, నాలుగు నవలల్లో థియాన్ చాప్టర్ ఒక్కటీ ఉండదు. మూడో నవలలో వాడి వేలి చర్మం ముక్క ఒకటి తెచ్చి చూపిస్తారు, అంతే, బతికున్నాడో చచ్చాడో కూడా తెలీదు. నేను ఆరు నెలల్లో చదివేశా కాబట్టి సరిపోయింది, వచ్చినప్పుడే చదివినవాళ్ళు 13 ఏళ్ళు ఆగారు. అయిదో నవలలో రీక్ అనే పేరుతో ఒక చాప్టర్ మొదలవుద్ది, చీకటి కొట్లో ఎవడో ఎలకని పచ్చిగా తింటుంటాడు. రెండు మూడు పేజీలు పోయాక గానీ ఓరి నాయనో వీడు థియాన్ కదా అని వెలగదు. వీణ్ణి బందీగా పట్టుకున్న రామ్సే వేళ్ళు కోసేశాడు, పళ్ళు విరగ్గొట్టాడు, జుట్టు తెల్లబడిపోయింది. ఇరవై దాటీ దాటని కుర్రాడు ముసలోడిలా అయిపోయాడు. రీక్ అంటే కంపు, వాడి పేరు అదేనని వాడే నమ్మేశాడు, మర్చిపోతే మళ్ళీ కోస్తారని ఆ పేరుకి ప్రాసలు కట్టుకుని గొణుక్కుంటుంటాడు.

ఇక్కడే చాలామంది పాఠకులు, నేను కూడా, సరే చెల్లుకు చెల్లు, చేసినదానికి డబుల్ అనుభవించాడు పాపం వదిలెయ్యండి అనుకుంటాం. మార్టిన్ వదల్లేదు! ఆ తర్వాతి రీక్ చాప్టర్లోనే రామ్సే వీడికి స్నానం చేయించి, మంచి బట్టలేసి, నువ్వు థియాన్‌లా యాక్ట్ చెయ్ అని మోట్ కైలిన్ కోటలో ఉన్న వీడి సొంత మనుషుల దగ్గరికే పంపిస్తాడు. లొంగిపోండి మీకేం కాదు అని మాట ఇస్తాడు వీడు, వాళ్ళు నమ్మి బయటికొస్తారు, వచ్చినవాళ్ళని చర్మం వొలిచేస్తారు. తన పేరే తనకి వేషం అయిపోయింది, ఆ వేషంలో ఇంకో నమ్మకద్రోహం. దెబ్బలు తింటే మనిషి మంచోడైపోతాడన్నది అక్కడితో ఖతం. దెబ్బలు తిన్నోడు దెబ్బలకి భయపడేవాడు అవుతాడు, అంతకుమించి ఏం కాడు.

తర్వాత పెళ్ళి. రామ్సేకి ఆర్యా స్టార్క్‌తో పెళ్ళి అని చెప్తారు, కానీ ఆ పిల్ల ఆర్యా కాదు, జేన్ పూల్, వింటర్‌ఫెల్‌లో లెక్కలు చూసుకునే ఉద్యోగి కూతురు, ఆర్యా అక్క సాన్సాకి స్నేహితురాలు. ఆర్యాని చిన్నప్పట్నుంచీ ఎరిగినవాడు అక్కడ ఉన్నది థియాన్ ఒక్కడే, అందుకని వీడి చేతే కన్యాదానం చేయిస్తారు. వీడు అవునంటే అబద్ధం నిజమైపోతుంది, వీడు కాదంటే వీడి చర్మం పోతుంది. అవునంటాడు. ఆ రాత్రి రామ్సే గదిలో జరిగేదాంట్లో వీడి చేత కూడా పని చేయిస్తాడు, ఆ పేజీలు నేను వివరంగా చెప్పలేను, రాత్రిపూట చదవకండి.

సీరియల్లో జేన్‌ని తీసేసి 2015 సీజన్లో ఆ చోట సాన్సాని పెట్టేశారు. అప్పట్లో దాని మీద పెద్ద గొడవే అయింది, ఆడవాళ్ళ మీద హింసని వాడుకుంటున్నారని, అది న్యాయమైన గొడవే. నా బాధ ఇంకోటి. సాన్సా అంటే ప్రతి ప్రేక్షకుడికీ తెలిసిన అమ్మాయి, పెద్దింటి పిల్ల, ఆమెని కాపాడితే అందరూ చప్పట్లు కొడతారు, రేపు ఆమే వచ్చి వాటేసుకుని మంచి మాట చెప్తుంది, చెప్పింది కూడా. జేన్‌ని కాపాడితే ఏమొస్తుంది? ఆమెకి సైన్యం లేదు, కోట లేదు, అందరూ పిలిచే పేరు కూడా ఆమెది కాదు. ఎవరికీ అక్కర్లేని ఇద్దరు పిల్లల్ని పెద్దింటి పిల్లల పేరు పెట్టి చంపినవాడు, ఎవరికీ అక్కర్లేని ఒక పిల్లకి పెద్దింటి పిల్ల పేరు పెట్టి నరకంలో తోసినవాడు, ఆ పిల్లనే చెయ్యి పట్టుకుని మంచు కురుస్తుండగా కోటగోడ మీద నుంచి దూకుతాడు. అశ్వత్థామ లెక్క ఇక్కడ కరెక్ట్‌గా కుదిరింది, సాన్సాని పెట్టగానే పాడైపోయింది.

అదన్నా పెద్ద వీరుడిలా చేస్తాడా అంటే లేదు. చాకలి పనివాళ్ళలా వేషం వేసుకొచ్చిన ఆడవాళ్ళు కత్తులు దాచుకుని ప్లాన్ అంతా వేస్తారు, దారులు తెలిసినవాడు కావాలి కాబట్టి వీణ్ణి కలుపుకుంటారు. వీడు చివరిదాకా వణుకుతూనే ఉంటాడు, వద్దు దొరికిపోతాం అంటూనే నడుస్తాడు. నాకు అదే నచ్చింది. భయం పోయాక చేసేది ఎవరైనా చేస్తారు.

చాప్టర్ల పేర్లు ఒకసారి చూడండి. మొదటి మూడూ రీక్, తర్వాత వింటర్‌ఫెల్ రాకుమారుడు, తర్వాత ద్రోహి, తర్వాత వింటర్‌ఫెల్‌లో దెయ్యం, ఆఖరున ఏడోది థియాన్. ఒక్క లెక్చర్ లేకుండా విషయసూచికతోనే కథ చెప్పేశాడు మహానుభావుడు. ఆ దెయ్యం చాప్టర్లో వీడు స్టార్క్‌లు దేవుడిగా మొక్కే చెట్టు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, బతికించమని అడగడు, నన్ను రీక్‌లా కాకుండా థియాన్‌లా చావనివ్వండి అంటాడు. అప్పుడు పైనుంచి ఒక ఎర్రాకు నుదుటికి తగిలి నీళ్ళల్లో పడుద్ది, అయిదు వేళ్ళ చెయ్యిలా ఉంటుంది అది. వేళ్ళు పోగొట్టుకున్నోడి ముందు అయిదు వేళ్ళూ ఉన్న ఆకు. చెట్టు గొంతులో బ్రాన్ పేరు వినపడినట్టు కూడా రాశాడు, కానీ నువ్వు మంచోడివి అని మాత్రం అనిపించలేదు. థాంక్స్ మార్టిన్ గారూ.

జేమీ గురించి అడుగుతారని తెలుసు, చెయ్యి పోయింది, బ్రియెన్ అనే యోధురాలికి నిజం చెప్పాడు, మారాడు, ఒప్పుకుంటా. నాలుగో నవల చివర కవల అక్క సెర్సీ ఉత్తరాన్ని మంటల్లో వెయ్యమంటాడు, సీరియల్లో మళ్ళీ ఆవిడ దగ్గరికే పరిగెత్తించి ఇద్దర్నీ కలిపి పూడ్చేశారు, అది వేరే ఏడుపు. కాకపోతే జేమీ అందగాడు, మాటకారి, ఏడేళ్ళ బ్రాన్‌ని కిటికీ లోంచి తోసినా మనం మెల్లగా మర్చిపోతాం. థియాన్ మొహం చూస్తే మర్చిపోవడం కుదరదు.

మా అక్క రెండో పుస్తకం పట్టుకెళ్ళి చదివింది, నాతో గంట కొట్లాడింది. ఏం చేసినా సరే వాడికి మాఫీ లేదంటుంది, ఆవిడకి ఇద్దరు మగపిల్లలు. "సరేరా, గోడెక్కి దూకాడు, బానే ఉంది. ఆ పిండిమర పిల్లల పేర్లేంటి చెప్పు?" అంది. వెనక పట్టికలో గుర్రాలు చూసుకునేవాడి పేరుంది, వంటవాడి పేరుంది, చచ్చిపోయిన తాతల పేర్లున్నాయి, వెతికా వెతికా ఆ ఇద్దరివీ దొరకలేదు. నేనేం మాట్లాడలా. థియాన్‌కి దారి ఉందనే నేను ఇప్పటికీ అంటా, కానీ మాఫీ ఉందని మాత్రం ఇంక అనను. గోడ దూకాక కూడా వాడు రామ్సే వాళ్ళ మీదికి యుద్ధానికొచ్చిన స్టానిస్ మనుషుల చేతికి చిక్కి, సొంత అక్క ఆషా కూడా గుర్తుపట్టలేని మొహంతో మిగిలాడు, అక్కడికి అయిదో నవల ఆపేశాడు.

కొనాలా వద్దా అంటే, థియాన్ కథ ఒక్కటే కావాలనుకుంటే రెండో నవల, అయిదోదాని రెండు ముక్కలు చాలు, మధ్యవి లేకుండా మిగతా జనం అర్థం కారు మరి, మీ ఇష్టం. సెట్టుగా తీసుకుంటే ఆఫర్ ఉన్నప్పుడే తీసుకోండి, ఓపెన్ చేసేటప్పుడు మూలలు చూసుకుని వీడియో తీసిపెట్టుకోండి. కథకి అయిదుకి అయిదు, అక్షరాల సైజుకి రెండు. అక్క దగ్గర్నుంచి రెండో పుస్తకం ఇంకా వెనక్కి రాలేదు.