మైపాడులో వెలగని దీపం, కొత్తపట్నంలో కనిపించిన అంకె

నెల్లూరులో బస గురించి చెప్పవలసింది పెద్దగా లేదు. ట్రంకు రోడ్డుకు దగ్గరలోని లాడ్జిలో ఏసీ గది 1,600 రూపాయలకు దొరికింది, శుభ్రంగానే ఉంది. మధ్యాహ్నం 220 రూపాయల చేపల పులుసు భోజనానికీ వంక పెట్టలేము. నా ఫిర్యాదంతా అక్కడికి దాదాపు 25 కిలోమీటర్ల దూరంలోని మైపాడు బీచ్‌లో మాకు ఏటీవీ, అంటే ఇసుకలో తిరిగే నాలుగు చక్రాల బండి, అద్దెకిచ్చిన మనిషి మీదనే.

అరగంటకు 900 రూపాయలు, బయానా 2,000, పైగా ఆధార్ కార్డు కూడా అతని దగ్గరే ఉంచుకున్నాడు. మాకు ఇచ్చినది పిల్లలు తిప్పే, గాలితో చల్లబడే చిన్న బండి కాదు. ముందు రేడియేటరు, దాని వెనుక ఫ్యాను ఉన్న పెద్ద బండి. మా బావ ఇందుకూరుపేట దగ్గర రొయ్యల చెరువుల మీద డీజిల్ జనరేటర్లు నడిపించే మనిషి కనుక, తాళం తిప్పగానే మీటరు వైపు చూశాడు. ఆయిల్ దీపం వెలిగి ఆరింది గాని, దాని పక్కనే అలాగే వెలిగి ఆరవలసిన ఉష్ణోగ్రత దీపం, అంటే ఇంజను మరీ వేడెక్కితే హెచ్చరించేది, అసలు వెలగలేదు. అడిగితే, "అది ఎప్పుడూ అంతే సార్, మీరు పోనియ్యండి" అన్నాడు ఆ మనిషి.

మెత్తటి ఇసుకలో ఇలాంటి బండికి రెండు కష్టాలు కలిసి వస్తాయి. చక్రాలు దిగబడుతుంటే ఇంజను బలమంతా పెట్టవలసి వస్తుంది, అయితే బండి వేగం తక్కువ కాబట్టి రేడియేటరుకు తగిలే గాలి కూడా తక్కువే. అంటే వేడిని తీసే భారమంతా ఫ్యాను మీదనే పడుతుంది. మా బండిలో ఆ ఫ్యాను తిరగనే లేదు. నీటి అంచు దాకా వెళ్లి వెనక్కి తిరిగేసరికి తియ్యటి వాసనతో ఆవిరి లేచింది, బావ వెంటనే ఇంజను ఆపేశాడు. ఫ్యాను తిరుగుతూ, కూలెంటు (ఇంజనును చల్లబరిచే ద్రవం) నిండుగా ఉంటే కాసేపు ఐడిల్‌లో, అంటే బండి కదలకుండా ఇంజను నడుస్తూ, వదలవచ్చునట. ఇక్కడ ఆ అవకాశం లేదు.

ఇంతలో వాళ్ల కుర్రవాడు నీళ్ల సీసాతో పరుగెత్తుకొచ్చి రేడియేటరు మూత తిప్పబోయాడు. "చెయ్యి కాలిపోతుంది, ఆగు నాయనా" అని బావ చెయ్యి పట్టుకుని ఆపాడు. సగం నీళ్లు, సగం కూలెంటు కలిపిన ద్రవం మామూలు ఒత్తిడిలో దాదాపు 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మూత బిగించి ఉన్నంతసేపు లోపలి ఒత్తిడి వల్ల అంతకన్నా ఎక్కువ వేడికి కూడా మరగకుండా నిలుస్తుంది, మూత తీసిన క్షణంలో ఎగజిమ్ముతుంది.

యజమాని మాత్రం మేము మితిమీరి తోలామని, ఇంజను పాడైందని, 3,500 రూపాయలు కట్టాలని పట్టుబట్టాడు. బండి చల్లారిన తరువాత బావ ఒక్కొక్కటే చూపించాడు: రేడియేటరు రెక్కల నిండా ఇసుక, ఎండిన బురద, రిజర్వు డబ్బాలో కింది గీత కన్నా దిగువకు పోయిన ద్రవం. దీపం సంగతి ఆ కుర్రవాడే బయటపెట్టాడు. అది వెలిగితే కస్టమర్లు మధ్యలోనే దిగిపోయి డబ్బు వెనక్కి అడుగుతున్నారని బల్బు తీసేశారట! చివరికి కార్డు, 1,200 రూపాయలు ఇచ్చి, మిగిలిన 800 బండి లాక్కొచ్చిన కూలి అన్నారు. అక్క ఒంగోలు దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

ఒంగోలు నుంచి వెళ్లిన కొత్తపట్నం బీచ్‌లో స్నానపు గదులు దారుణంగా ఉన్నాయి, తినడానికి బజ్జీలు తప్ప ఏమీ దొరకలేదు. అయినా నేను మళ్లీ అక్కడికే వెళ్తాను. అరగంటకు 700, బయానా లేదు. మీటరులో ఉష్ణోగ్రత అంకెలలోనే కనిపిస్తుంది: గట్టి ఇసుకలో 84, మెత్తటి దిబ్బ ఎక్కేటప్పుడు 97 దాకా పోయింది, ఫ్యాను రొద చేస్తూ తిరగగానే 88కి దిగింది. అంకె తక్కువగా ఉందని మాత్రమే ధైర్యపడకూడదని, కూలెంటు కారిపోతే సెన్సారు ద్రవంలో మునగక తప్పుడు అంకె చూపవచ్చని, అందుకే రోజూ ఇంజను చల్లగా ఉన్నప్పుడే డబ్బా చూస్తామని అక్కడి మనిషి అడగకుండానే చెప్పాడు. సాయంత్రం రేడియేటరును మంచినీళ్లతో, రెక్కలు వంగకుండా సన్నని ధారతో కడుగుతారట. బావ సముద్రం చూడకుండా అంకెనే చూస్తూ తోలాడని అక్క నవ్వింది.

వెళ్లేవారు నాలుగు గంటల తరువాత, ఆదివారం కాని రోజున వెళ్లండి. బండి ఎక్కే ముందు తాళం తిప్పించి ఎర్రటి ఉష్ణోగ్రత దీపం వెలిగి ఆరిందో లేదో చూసుకున్న తరువాతే డబ్బు చేతికివ్వండి.