థండర్‌బర్డ్ పదేళ్ళు వాడాక: చదవని మెయిళ్ళ లెక్కతో నా గొడవ

మెయిళ్ళు చూసుకోవడానికి కంప్యూటర్లో థండర్‌బర్డ్ అనే సాఫ్ట్‌వేర్ వాడతాను అంటే ఆఫీసులో పిల్లలు "అది ఇంకా ఉందా అన్నా?" అని అడుగుతారు. ఉంది. 2012లో దీన్ని తయారుచేసే మొజిల్లా వాళ్ళు ఇకమీద దీంట్లో కొత్త ఫీచర్ల జోలికి పెద్దగా పోం అన్నప్పుడే పోయిందనుకున్నారు అందరూ, నేను వాడటం మొదలుపెట్టిందే ఆ తర్వాత రెండేళ్ళకి. 2014లో బెంగళూరు వచ్చి మారతహళ్ళి పీజీలో దిగినప్పుడు నాది నాలుగు జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్, బ్రౌజర్‌లో జీమెయిల్ ట్యాబ్ ఒకటి తెరిచిపెడితే చాలు ఫ్యాన్ విమానంలా మోగేది, పక్క మంచం కర్నూలు సీనియర్ చూళ్ళేక థండర్‌బర్డ్ ఎక్కించి పెట్టాడు. అప్పట్నుంచి ల్యాప్‌టాప్‌లు మూడు మారాయి, ఇది మాత్రం అలాగే ఉంది. మెయిల్ పంపడం, వెతకడం, క్యాలెండర్ వీటి గురించి వేరేవాళ్ళు చాలా రాశారు, నేను రాసేది ఒక్క విషయం మీదే: చదవని మెయిల్ వచ్చిన ప్రతిసారీ అది మన బుర్రని ఎలా గోకుద్దో, దాన్ని ఇందులో ఎంతవరకు ఆపొచ్చో.

మొదట దెబ్బ తగిలింది 2017లో. అప్పుడు హెచ్ఎస్ఆర్ లేఅవుట్‌లో ఒక చిన్న కంపెనీ, ఎవరి ల్యాప్‌టాప్ వాళ్ళది, ఎవరి మెయిల్ సాఫ్ట్‌వేర్ వాళ్ళిష్టం. మీటింగ్ రూంలో ప్రొజెక్టర్‌కి నా ల్యాప్‌టాప్ తగిలించి క్లయింట్‌కి డెమో ఇస్తున్నా, సరిగ్గా గ్రాఫ్ చూపించే టైముకి కింద కుడి మూల నుంచి పాపప్ లేచింది, గోడ మీద అంత పెద్ద అక్షరాల్లో "మీ ప్రొఫైల్‌కి తగిన 12 కొత్త సంబంధాలు", దాని కింద ప్రివ్యూ టెక్స్ట్‌లో అమ్మాయి ఎత్తు, నక్షత్రం. ఇంట్లోవాళ్ళు నా మెయిల్ ఐడీ ఇచ్చి రిజిస్టర్ చేశారని నాకే అప్పుడు తెలిసింది. క్లయింట్ మర్యాదస్తుడు, ఏమీ అనలేదు. మా టీం లీడ్ మాత్రం మీటింగ్ అయ్యాక భుజం మీద చెయ్యేసి "ఏన్ గురు, మదువె ఊట యావాగ?" (పెళ్ళి భోజనం ఎప్పుడు?) అన్నాడు, కంపెనీ వదిలేదాకా అదే నా పలకరింపు అయిపోయింది.

ఆ రోజే సెట్టింగ్స్ తెరిచి చూశా. జనరల్‌లో ఇన్‌కమింగ్ మెయిల్స్ అని ఉంటుంది, అలర్ట్ చూపించాలా, సౌండ్ మోగించాలా అని రెండు టిక్కులు, అలర్ట్ పక్కన కస్టమైజ్ నొక్కితే పంపినవాళ్ళ పేరు, సబ్జెక్ట్, ప్రివ్యూ మూడూ విడివిడిగా తీసేయొచ్చు. ప్రివ్యూ, సబ్జెక్ట్ తీసేసి పేరొక్కటే ఉంచా. సౌండ్ అయితే మొదటి రోజే తీసెయ్యండి, దాని గురించి చర్చే అక్కర్లేదు.

పాపప్ సంగతి తేలిపోయింది కదా అనుకున్నా, కానీ అసలు రోగం పాపప్ కాదని తెలియడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది.

మా నాయన పోస్ట్‌మ్యాన్‌గా చేసి రిటైరయ్యారు, తాడిపత్రి చుట్టుపక్కల పల్లెలన్నీ సైకిల్ మీదే. 2019లో కంటి ఆపరేషన్‌కని బెంగళూరు వచ్చి మా ఇంట్లో నెల రోజులు ఉన్నారు. ఒకరోజు సాయంత్రం నా పక్కన కూచుని టీ తాగతా స్క్రీన్ చూసి "ఏమిరా అది, ఇన్‌బాక్స్ పక్కన మూడువేల ఎనిమిది వందల నలభై ఆరు అని ఉండాది?" అన్నారు. చదవని మెయిళ్ళు నాయనా అన్నా. ఆయన కప్పు కింద పెట్టేశారు. "నా బ్యాగులో సాయంత్రానికి ఒక్క ఉత్తరం మిగిలితే దాని మీద ఎందుకు మిగిలిందో రాసి ఇయ్యాల, తలుపు తాళం ఉన్నిందా, మనిషి ఊర్లో లేడా, ఊరే వదిలిపెట్టి పోయినాడా అని. నువ్వు మూడువేలు పెట్టుకోని టీ తాగతాండావే." తర్వాత ఆయనే అడిగారు, వీటిల్లో మనుషులు రాసినవి ఎన్ని అని. అప్పటికప్పుడు పైనుంచి వంద మెయిళ్ళు లెక్కపెట్టి చూశాం ఇద్దరం. ఏడు. మిగతా తొంభైమూడు బ్యాంకు, షాపింగ్, ఉద్యోగాల సైట్లు, ఎప్పుడో రెండు వందలు పెట్టి సినిమా టికెట్ కొన్న పాపానికి వారం వారం వచ్చేవి.

అంటే లెక్క తప్పు కాదు, లెక్కపెట్టే వస్తువే తప్పు. ఎవడో యంత్రంతో పంపినదానికీ, మా మామ రాసినదానికీ ఒకటే అంకె. అక్కడి నుంచి నేను చేసిందంతా ఆ అంకెలో ఏం కలవాలో ఏం కలవకూడదో నేనే తేల్చుకోవడం.

ముందు పాత చెత్త. ఆర్నెల్ల ముందువన్నీ సెలెక్ట్ చేసి కీబోర్డ్ మీద ఇంగ్లీష్ ఏ (A) అక్షరం నొక్కా, ఆర్కైవ్‌కి పోయాయి, ఏ ఏడాదివి ఆ ఏడాది ఫోల్డర్‌లో అదే సర్దేస్తుంది. ఏదీ డిలీట్ కాదు, వెతికితే దొరుకుతుంది. ఇన్‌బాక్స్ ఖాళీ చెయ్యాలని కూచుని ఒక్కోటి చదివేవాళ్ళని చూశాను, వద్దు, జీవితం పోతుంది.

తర్వాత ఫిల్టర్లు, అంటే ఏ మెయిల్ వస్తే ఏం చెయ్యాలో ముందే రాసిపెట్టే రూల్స్. ఇక్కడ అందరూ చేసే పొరపాటు నేనూ చేశా. థండర్‌బర్డ్‌లో పెట్టిన ఫిల్టర్ థండర్‌బర్డ్ తెరిచి ఉన్నప్పుడే పనిచేస్తుంది, ల్యాప్‌టాప్ మూసేసి సిల్క్ బోర్డ్ జంక్షన్లో ఇరుక్కుని ఉంటే ఆ టైంలో వచ్చినవన్నీ ఫోన్‌లో టింగ్ టింగ్ మంటూనే ఉంటాయి. అందుకే చెత్త మెయిళ్ళ ఫిల్టర్లన్నీ జీమెయిల్ సైట్‌లోకెళ్ళి అక్కడే పెట్టుకోండి, స్కిప్ ఇన్‌బాక్స్ అని ఒక టిక్కు, లేబుల్ ఒకటి, అంతే, అది సర్వర్ దగ్గరే పక్కకి పోతుంది, ఫోన్ ఇన్‌బాక్స్‌కీ రాదు, ఇక్కడి ఇన్‌బాక్స్‌కీ రాదు. థండర్‌బర్డ్ ఫిల్టర్లు నేను ఇప్పుడు ట్యాగ్‌లు వెయ్యడానికే వాడుతున్నా.

ఫిల్టర్ల మోజులో ఒక తప్పు చేశా, చెప్పాలి. సబ్జెక్ట్‌లో "రిమైండర్" అన్న మాట ఉంటే చదివినట్టు మార్క్ చేసి పక్కన పడెయ్యమని ఒకటి రాశా, అప్పుడు చాలా తెలివైన పనిలా అనిపించింది. మూడు నెలలు హాయిగా గడిచాయి. తర్వాత పాప స్కూల్ ఫీజు ఆఖరి తేదీ దాటిపోయిందని ఫోన్ వచ్చింది, చూస్తే స్కూల్ వాళ్ళు మూడు సార్లు మెయిల్ చేశారు, మూడింటి సబ్జెక్ట్ లోనూ రిమైండర్. ఫైన్ కట్టొచ్చాక మా ఆవిడ "మనకి గుర్తుచేసేవాళ్ళ నోరు మూయించే సెట్టింగ్ ఎవరు పెట్టమన్నారు నిన్ను" అంది. సమాధానం లేదు. అప్పట్నుంచి ఒకటే రూల్: ఫిల్టర్ ఎప్పుడూ పంపినవాడి అడ్రస్ మీదే, సబ్జెక్ట్‌లో మాట మీద కాదు, చదివినట్టు మార్క్ చెయ్యడం అయితే అసలే వద్దు, పక్క ఫోల్డర్‌కి పంపితే చాలు.

ఇంక చాలామంది కంప్లైంట్ ఒకటుంది, "గంటకోసారే చెక్ చెయ్యమని పెట్టాను, అయినా ఎప్పుడు పడితే అప్పుడు వస్తున్నాయి" అని. అకౌంట్ సెట్టింగ్స్‌లో సర్వర్ సెట్టింగ్స్‌కి వెళ్తే ప్రతి ఇన్ని నిమిషాలకి చెక్ చెయ్యి అని ఉంటుంది, మామూలుగా పది ఉంటుంది, దాన్ని అరవై చేస్తారు, బయటికొచ్చేస్తారు. దాని కిందే ఇంకో టిక్కు ఉంటుంది, కొత్త మెయిల్ రాగానే సర్వర్ వెంటనే చెప్పొచ్చు అని. అది ఐమ్యాప్‌లో, అంటే మెయిల్ సాఫ్ట్‌వేర్ సర్వర్‌తో మాట్లాడే భాషలో, ఐడిల్ అనే పద్ధతి, 1997 నాటిది, మన సాఫ్ట్‌వేర్ సర్వర్‌తో లైన్ కట్ చెయ్యకుండా పట్టుకుని కూచుంటుంది, మెయిల్ రాగానే అటునుంచే కబురొస్తుంది. అది ఆన్‌లో ఉంటే మీ అరవై నిమిషాలకి విలువే లేదు. రెండూ చూసుకోవాలి. నేను ఆఫీస్ అకౌంట్‌కి ఐడిల్ ఉంచా, సొంత అకౌంట్‌కి తీసేసి తొంభై నిమిషాలు పెట్టా, ఇంజినీరింగ్ రోజుల నాటి పాత అకౌంట్‌కి రెండూ తీసేసి ప్రోగ్రామ్ తెరిచినప్పుడు మాత్రమే చెక్ చెయ్యమన్నా. ఓటీపీ కావాలంటే గెట్ మెసేజెస్ నొక్కుతా, రెండు సెకన్ల పని.

నాకు అన్నిటికంటే పనికొచ్చిన సెట్టింగ్ మాత్రం మామూలు సెట్టింగుల్లో లేదు, ఇదొక్కటే ఈ సాఫ్ట్‌వేర్ మీద నా అసలు కోపం. జనరల్ పేజీ అట్టడుగున కాన్ఫిగ్ ఎడిటర్ అని ఉంటుంది, అందులోకి వెళ్ళి బిఫ్ అని వెతికితే ఒక లిస్ట్ వస్తుంది. దాంట్లో "మెయిల్ డాట్ బిఫ్ డాట్ యూజ్ న్యూ కౌంట్ ఇన్ బ్యాడ్జ్", పేర్ల మధ్య అండర్‌స్కోర్లు. దాన్ని ట్రూ చేస్తే విండోస్ టాస్క్‌బార్‌లో ఐకాన్ మీద ఉండే అంకె చదవని మొత్తం కాకుండా కొత్తగా వచ్చినవి మాత్రమే చూపిస్తుంది. చదవకుండా వదిలేసిన పాతవి వెంటాడవు. అదే లిస్ట్‌లో "షో బ్యాడ్జ్" అని ఉంది, దాన్ని ఫాల్స్ చేస్తే అంకే ఉండదు. నేను ఒక నెల అసలు అంకె లేకుండా ఉండి చూశా, కానీ అప్పుడు ఏమన్నా వచ్చిందేమో అని ప్రతి పావుగంటకీ నేనే తెరిచి చూసుకునేవాణ్ణి, ఇంకా ఘోరం. కొత్తవాటి లెక్క ఉంచడమే నాకు సరిపోయింది.

ఈ బిఫ్ అన్న పేరేంటో అని తవ్వితే అది ఒక కుక్క పేరు. 1980 ప్రాంతంలో బర్కిలీ యూనివర్సిటీలో యునిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం మీద పనిచేసేవాళ్ళ దగ్గర తిరిగే కుక్క, కొత్త మెయిల్ వస్తే చెప్పే ప్రోగ్రామ్‌కి దాని పేరు పెట్టేశారు. పోస్ట్‌మ్యాన్ వస్తే మొరిగేదని ఒక కథ ఉంది గానీ ఆ ప్రోగ్రామ్ రాసినాయనే అది ఉత్తదన్నాడు. ఇది ఫోన్‌లో నాయనకి చెప్తే "నన్ను చూసి మొరిగిన కుక్కలకంతా పేర్లు పెట్టుకుంటూ పోతే నీ కంప్యూటర్ చాలదు" అన్నారు, పిక్క మీద మచ్చ ఇంకా ఉంది ఆయనకి.

కే అక్షరం గురించి చెప్పకపోతే పాపం తగులుతుంది. 2024 మార్చిలో బెంగళూరు నీళ్ళ కరువు గుర్తుందా, మా అపార్ట్‌మెంట్‌లో ట్యాంకర్ రేటు మీద మొదలైన ఒక మెయిల్‌కి అందరూ రిప్లై ఆల్ కొట్టి కొట్టి ఎక్కడికో తీసుకెళ్ళారు, బోరు, సంప్, పై ఫ్లోర్ వాళ్ళు కార్లు కడుగుతున్నారని ఫొటోలు, దానికి జవాబుగా కింద ఫ్లోర్ వాళ్ళ కుక్క ఫొటోలు. ఆ థ్రెడ్ మీద నిలబడి కే నొక్కా, ఇగ్నోర్ థ్రెడ్, ఇంక దానికి ఎన్ని రిప్లైలొచ్చినా చదివినట్టే లెక్క, లిస్ట్‌లోనే కనపడదు. కావాలంటే వ్యూ మెనూలో థ్రెడ్స్ కింద ఇగ్నోర్ చేసినవి చూసుకోవచ్చు. నీళ్ళు ఏ టైంకి వదులుతారో వాచ్‌మన్ చెప్తాడు, దానికి మెయిల్ దేనికి.

చిన్నవి ఇంకొన్ని. మెయిల్ మీద బాణం కీతో వెళ్తుంటేనే చదివినట్టు అయిపోతుంది, ఇది నాకు చిరాకు, రీడింగ్ అండ్ డిస్‌ప్లే దగ్గర ఐదు సెకన్లు ఆగి అప్పుడు మార్క్ చెయ్యమని పెట్టుకోవచ్చు. పని మిగిలిందని గుర్తుకోసం చదవనట్టు మార్క్ చేసి పెట్టుకోవడం మానేశా, నాలుగు నొక్కితే టు డూ ట్యాగ్ పడుతుంది, అయ్యాక సున్నా నొక్కితే ట్యాగ్ పోతుంది. ఫోల్డర్ల పేన్‌లో చదవనివి ఉన్న ఫోల్డర్లే చూపించే మోడ్ ఒకటుంది, బాగుందని కొందరంటారు, నాకు మాత్రం మానిన పుండు గీక్కోవడంలా ఉంటుంది. 2023 జులైలో 115 వెర్షన్, సూపర్‌నోవా అని పేరు పెట్టి మొహం మొత్తం మార్చేశారు, నాకు చెయ్యి కుదరడానికి రెండు వారాలు పట్టింది, ఇప్పుడు పాతది చూపిస్తే నేనే గుర్తుపట్టలేనేమో.

ఫోన్‌లో కూడా ఇదే వాడుతున్నా. 2022లో కే-9 మెయిల్ అనే ఆండ్రాయిడ్ యాప్‌ని థండర్‌బర్డ్ వాళ్ళు కలుపుకుని 2024 అక్టోబర్ ఆఖర్లో ఆండ్రాయిడ్‌కి థండర్‌బర్డ్ అని వదిలారు. ఆ కే-9 లోగో కూడా కుక్కే, వీళ్ళకి కుక్కలంటే ఏదో ఉంది. దాంట్లో క్వైట్ టైం అని పెట్టుకుంటే రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఏడు దాకా నోరెత్తదు, ఏ అకౌంట్‌కి ఆ అకౌంట్ నోటిఫికేషన్ ఆపుకోవచ్చు. జీమెయిల్ యాప్ వదల్లేనివాళ్ళు అందులో నోటిఫికేషన్స్ దగ్గర హై ప్రయారిటీ ఓన్లీ పెట్టి చూడండి, సగం గోల తగ్గుతుంది.

ఎవరికి వద్దంటే, ఒకే జీమెయిల్ ఉండి ఫోన్‌లోనే అన్నీ చూసుకునేవాళ్ళకి ఇంత తంటా దండగ. రెండు మూడు అకౌంట్లుండి రోజంతా ల్యాప్‌టాప్ ముందుండేవాళ్ళకి మాత్రం ఒక ఆదివారం మధ్యాహ్నం పెట్టుకుంటే తేలిపోయే పని. డబ్బులు అక్కర్లేదు, విరాళాల మీద నడుస్తుంది, నేను ఏడాదికోసారి కొంత పంపుతా.

ఆఖరిది, ల్యాప్‌టాప్ మార్చేటప్పుడు ప్రొఫైల్ ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకోండి, హెల్ప్ మెనూలో ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్‌కి వెళ్తే అదెక్కడుందో చూపిస్తుంది. ఫిల్టర్లు, ట్యాగులు, ఆ బిఫ్ సెట్టింగులు అన్నీ దాంట్లోనే ఉంటాయి. మూడో ల్యాప్‌టాప్ కొన్న రోజు నేను ఉత్త అకౌంట్లు మాత్రమే కలిపి పడుకున్నా, పొద్దున లేచేసరికి ఐకాన్ మీద ఎర్రగా 99 ప్లస్.