డ్యూరర్ గుర్రమా, హోల్బైన్ ఎముకల గూడా?

చెక్కదిమ్మ మీద చావును చెక్కి అచ్చేసిన బొమ్మల్లో రెండింటి దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. ఒకటి జర్మన్ చిత్రకారుడు ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ 1498లో తెచ్చిన ‘నలుగురు ఆశ్వికులు’, అంటే బైబిల్ చివర్లో లోకం మీదికి వచ్చే నలుగురు గుర్రపు రౌతులు. రెండోది మరో జర్మన్ చిత్రకారుడు హాన్స్ హోల్బైన్ గీసిన బొమ్మల వరుస ‘మృత్యునృత్యం’, 1538లో పుస్తకంగా ఫ్రాన్స్‌లోని లియోన్‌లో అచ్చయింది.

మొదటి చూపుకి డ్యూరర్‌దే పైచేయి. బొమ్మ దాదాపు 39 సెంటీమీటర్ల ఎత్తు. విల్లు, కత్తి, త్రాసు పట్టుకుని ముగ్గురు దూసుకుపోతుంటే, వాళ్ల పక్కన కింద నాలుగోవాడు చావు: బొమికలు తేలిన గుర్రం మీద బక్కచిక్కిన గడ్డం ముసలాడు. గిట్టల కింద జనం నలిగిపోతున్నారు. ఓ మూల నరకం నోరు తెరిచి ఒక పెద్దమనిషిని మింగేస్తోంది. ఒళ్లు జలదరిస్తుంది, నిజమే. కానీ అక్కడ చచ్చేది గుంపు. మనకు తెలిసినవాడెవడూ లేడు.

హోల్బైన్ బొమ్మలు అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దవి, అంతే. తెల్లగా ఉండాల్సిన చోటల్లా చెక్కేసి, వెంట్రుకంత గీతల్ని మిగల్చాలి. ఆ పని చేసినవాడు హాన్స్ లుట్జెల్‌బర్గర్. పుస్తకం రావడానికి పన్నెండేళ్ల ముందే, 1526లో పోయాడు. ఒక బొమ్మలో మంచం కాలి దగ్గర అతని పొడి అక్షరాలున్నాయి. గీసిన హోల్బైన్ పేరేమో పుస్తకంలో ఎక్కడా లేదు!

41 బొమ్మల్లో పోప్ నుంచి సరుకులు మోసే వర్తకుడి దాకా ఎవరి చావు వాళ్లది. లంచం పుచ్చుకుంటున్న న్యాయమూర్తి చేతికర్రను ఎముకల గూడు రూపంలో చావు వెనక నుంచి లాగేసుకుంటుంది. నన్ను వదలనిది మాత్రం పసివాడి బొమ్మ. చిల్లులు పడ్డ గుడిసెలో తల్లి నేల మీద పొయ్యి పెట్టి వండుతోంది. ఎముకల గూడు బిడ్డ చెయ్యి పట్టుకుని గుమ్మం దాటుతోంది. వాడు అమ్మ వైపు తిరిగి రెండో చెయ్యి చాచాడు. ఇంకా పొయ్యి మీంచి పొగ లేస్తూనే ఉంది.

గోడకి తగిలించుకోవాలంటే డ్యూరర్‌నే తీసుకోండి, దూరం నుంచి కూడా నిలుస్తుంది. నా ఓటు హోల్బైన్‌కే. చావుకి ఒకే ముఖం లేదని అతనికి తెలుసు. రైతు బొమ్మ చూడండి: చిరిగిన బట్టల ముసలి రైతు నాగలి పట్టాడు, చావు పక్కన పరుగెడుతూ అతని గుర్రాల్ని కొరడాతో అదిలిస్తోంది. ఎదురుగా ఊరి చర్చి వెనక పొద్దు వాలుతోంది. అక్కడ అది చంపడానికి వచ్చినట్టుండదు, మిగిలిన ఆ నాలుగు చాళ్లూ త్వరగా దున్నించడానికి వచ్చినట్టుంటుంది.