క్రోనోస్, కైరోస్: గ్రీకుల రెండు కాలాలు

ప్రాచీన గ్రీకులో కాలాన్ని చెప్పే మాటలలో క్రోనోస్, కైరోస్ ముఖ్యమైనవి. క్రోనోస్ కొలతకు లొంగే కాలం. ముందు వెనుకలను బట్టి చలనాన్ని లెక్కించే సంఖ్యే అదని అరిస్టాటిల్ నిర్వచించాడు. కైరోస్ అంటే తగిన అదను; ఆ మాట నడిచిన దారి, నా దృష్టిలో, ఇంతకంటే ఎంతో లోతైనది. హోమర్ ఇతిహాసం ఇలియడ్‌లో దీనికి సంబంధించిన విశేషణం, ఆయుధం తగిలితే ప్రాణం పోయే ఆయువుపట్టును సూచిస్తుంది. ప్రాచీన గ్రీకు కవి హెసియడ్ కైరోస్‌ను తగిన మోతాదు అనే అర్థంలో వాడాడు. హిప్పొక్రటీస్ పేరిట ఉన్న వైద్య సూత్రాలలో మొట్టమొదటిది, జీవితం చిన్నది, విద్య పెద్దది, అదను ఇట్టే జారిపోతుందని చెబుతుంది. క్రీ.పూ. 4వ శతాబ్దపు శిల్పి లిసిప్పస్ కైరోస్‌ను నుదుట జుట్టు, వెనుక బోడితల ఉన్న రూపంగా మలిచాడు, ఎందుకంటే ఎదురొచ్చినప్పుడే దానిని పట్టుకోగలం. నేటి గ్రీకులో క్రోనోస్‌కు సంవత్సరమనీ, కైరోస్‌కు వాతావరణమనీ కూడా అర్థాలున్నాయి.