‘పూర్తిగా బాగుచేసిన’ పిన్‌బాల్ యంత్రం కొనబోయేవారికి హెచ్చరిక

నాణెం వేసి ఆడే పాత పిన్‌బాల్ యంత్రాన్ని కొని, తీరిక వేళల్లో ఇంట్లోనే బాగుచేసుకోవాలనుకుంటున్నవారు, ముఖ్యంగా 1977 తరువాత వచ్చిన తొలితరం ఎలక్ట్రానిక్ యంత్రాల కోసం వెతుకుతున్నవారు, డబ్బు చెల్లించకముందే ఈ వివరాలు చదవవలసిందిగా కోరుతున్నాను. “ఎలక్ట్రానిక్ పని అంతా పూర్తయింది, మీరు తుడిచి రబ్బరు రింగులు మార్చుకుంటే చాలు” అన్న హామీతో నాకు ఒక బాలీ కంపెనీ యంత్రాన్ని అమ్మారు. దాని లోపల నాకు కనిపించినవి వాడకం వల్ల వచ్చిన అరుగుదల లోపాలు కావు. కొనేవారి కంట పడకుండా పనిగట్టుకొని కప్పిపెట్టినవి. పైన పటారం, లోన లొటారం అన్న మాట ఇలాంటి సరుకును చూసే పుట్టి ఉంటుంది.

అన్నిటికంటే పెద్ద మోసం ప్రధాన బోర్డు మీద జరిగింది. ఆ కాలపు బాలీ యంత్రాల్లో కరెంటు తీసేసినా అత్యధిక స్కోర్లు, సెట్టింగులు చెరిగిపోకుండా ఉండేందుకు ఒక నికెల్-కాడ్మియం బ్యాటరీని నేరుగా బోర్డుకే సోల్డర్ చేసేవారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ బ్యాటరీ కారుతుంది, అందులోని క్షారం బోర్డు మీది రాగి గీతలను, చిప్‌ల సాకెట్లను, కనెక్టర్ పిన్నులను తినేస్తుంది. ఇది అందరికీ తెలిసిన లోపమే, దీనికి సరైన చికిత్స కూడా ఉంది: ఆ భాగాన్ని వెనిగర్‌తో కడిగి క్షారాన్ని విరిచి, మంచి నీటితోను ఆపై ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోను శుభ్రం చేసి, పూర్తిగా ఆరనిచ్చి, రాగి మెరిసేదాకా గీకి, దెబ్బతిన్న సాకెట్లను, విడిభాగాలను తీసి కొత్తవి వేయాలి. నాకు అమ్మినవారు బ్యాటరీని మాత్రం కత్తిరించి, తుప్పు పట్టిన మేరకంతా బోర్డు రంగులోనే ఉన్న ఆకుపచ్చ లక్కను పూశారు. పైనుంచి చూస్తే అక్కడ ఏమీ జరగనట్టే ఉంది. స్క్రూడ్రైవర్ మొనతో తాకగానే లక్క పొరలుగా లేచి, దాని కింద పొడిబారిన రాగి బయటపడింది. పక్కనున్న సాకెట్‌లోని చిప్‌ను మెల్లగా పైకి తీయబోతే దాని కాళ్లలో కొన్ని సాకెట్‌లోనే విరిగి ఉండిపోయాయి.

మరి అమ్మకానికి ముందు పంపిన వీడియోలో యంత్రం ఎలా పనిచేసిందని అడగవచ్చు. అటువంటి బోర్డు చల్లగా ఉన్నప్పుడు ఒక రకంగా, వేడెక్కాక ఇంకో రకంగా ప్రవర్తిస్తుంది. అనేకసార్లు ఆన్ చేసి, పనిచేసిన ఒక్కసారిని వీడియో తీస్తే సరిపోతుంది. ఆ వీడియోలో నన్ను ఆకట్టుకున్నవి ఫ్లిప్పర్లు, అంటే బటన్ నొక్కితే లేచి బంతిని కొట్టే చిన్న చేతులు. నిజానికి వాటి బలం కూడా కల్పితమే. ఫ్లిప్పర్‌ను కదిలించే కాయిల్‌లో (కరెంటుతో అయస్కాంతంలా పనిచేసే తీగచుట్టలో) రెండు చుట్లు ఉంటాయి. బంతిని కొట్టడానికి బలమైన చుట్టు, బటన్‌ను నొక్కి ఉంచినప్పుడు ఫ్లిప్పర్‌ను పైన నిలిపి ఉంచడానికి బలహీనమైన చుట్టు. ఫ్లిప్పర్ పైకి చేరగానే చివరనున్న ఒక స్విచ్ తెరుచుకొని బలమైన చుట్టుకు నేరుగా వెళ్లే ప్రవాహాన్ని ఆపుతుంది. నా యంత్రంలో ఆ స్విచ్ లోహపు రేకులను టేపు చుట్టి శాశ్వతంగా కలిపేశారు. ఫలితంగా అరిగిపోయిన ఫ్లిప్పర్ కూడా దెబ్బ గట్టిగానే కొడుతుంది, కానీ బటన్‌ను కాసేపు నొక్కి పట్టుకుంటే కాయిల్ కాలిపోతుంది. కాలిన వార్నిష్ వాసన నేనూ చూశాను.

ఇంతవరకు పోయేది డబ్బే. ఫ్యూజుల దగ్గరికి వచ్చేసరికి వ్యవహారం ప్రాణం మీదికి వచ్చేదిగా ఉంది. కాయిల్‌ను నడిపే ట్రాన్సిస్టర్ షార్ట్ అయితే ఆ కాయిల్ ఆగకుండా కరెంటు తీసుకుంటూ వేడెక్కుతుంది. అప్పుడు ఫ్యూజు పోవడమే చెక్కపెట్టెలో నిప్పు పుట్టకుండా కాపాడుతుంది. నా యంత్రంలో కాయిళ్ల ఫ్యూజుకు రాగి తీగ చుట్టి ఉంది. దానికి తోడు, ప్లగ్‌కు ఉండవలసిన ఎర్త్ పిన్నును కోసేశారు. కాయిన్ డోర్, పక్క పట్టీలు, ముందరి లాక్ బార్ అన్నీ లోహంతో చేసినవే, ఆడేవారి చేతులు ఆట సాగినంతసేపు ఉండేది వాటి మీదే. డిస్‌ప్లేలకు వెళ్లే సుమారు 190 వోల్టుల సరఫరా కూడా అదే పెట్టెలో ఉంటుందన్నది మరువకూడదు.

బ్యాక్‌గ్లాస్ (వెనుక నిలువుగా ఉండే బొమ్మల అద్దం) రంగు పొరలుగా రాలుతున్నచోట వెనుక నల్ల కాగితం అంటించడం, ఆటబల్ల మీది మురికిని తుడవకుండానే దానిపై వార్నిష్ వేయడం వంటివి వీటి ముందు చిన్న విషయాలు, వాటి జోలికి పోను.

ఈ లోపాలన్నిటినీ ఫొటోలతో పంపితే అమ్మినవారు ఇచ్చిన సమాధానం, రవాణాలో కుదుపులకు ఏదో కదిలి ఉంటుందని. కుదుపులకు వైరు ఊడవచ్చు, చిప్ సాకెట్ నుంచి లేవవచ్చు. తీగ తనంతట తానే ఫ్యూజు చుట్టూ చుట్టుకోదు. ఆ తరువాత “ఉన్నది ఉన్నట్లుగా అమ్మాను” అన్న వాక్యాన్ని గుర్తుచేసి ఉత్తరాలకు బదులివ్వడం మానేశారు. ప్రకటనలో ఆ వాక్యం, “పూర్తిగా బాగుచేసినది” అన్న వాక్యం పక్కపక్కనే ఉన్నాయి. రెండూ ఒకేచోట కనిపిస్తే “ఉన్నది ఉన్నట్లుగా” అన్నదాన్నే నమ్మండి.

కొనేముందు బ్యాక్‌బాక్స్ (ప్రధాన బోర్డు ఉండే, వెనుక నిలువుగా నిలిచే పెట్టె) తెరిచి ఉంచి, యంత్రం పూర్తిగా చల్లగా ఉన్న స్థితి నుంచి ఆన్ చేస్తున్న వీడియోను, మధ్యలో కత్తిరింపులు లేకుండా అడగండి. బాలీ ప్రధాన బోర్డు మీద ఒక చిన్న ఎల్‌ఈడీ ఉంటుంది. అది ఆన్ చేయగానే ఒక్కసారి మినుకుమని, ఆపై తనను తాను పరీక్షించుకుంటూ ఏడుసార్లు మెరవాలి. మెమరీ చిప్‌ల నుంచి మొదలై ఒక్కో పరీక్ష నెగ్గినప్పుడు ఒక్కో మెరుపు వస్తుంది. చివరిదైన ఏడవ మెరుపు కాయిళ్ల వోల్టేజీ అందుతున్నదని తెలిపేది. లెక్క మధ్యలో ఆగినా, ఎల్‌ఈడీ ఆరకుండా వెలుగుతూనే ఉన్నా బోర్డులో లోపం ఉన్నట్టే. బ్యాటరీ ఉండే మూలను బోర్డు రెండు వైపుల నుంచి దగ్గరగా తీసిన ఫొటోలు, ఫ్యూజుల లోహపు మూతల మీది అంకెలు చదవగలిగేంత స్పష్టమైన ఫొటోలు కూడా కోరండి. బ్యాక్‌బాక్స్ తాళంచెవి పోయిందని చెబితే బేరం అక్కడితో వదిలేయడం మంచిది, ఎందుకంటే లోపలి పని చేసినవారెవరూ ఆ పెట్టె తెరవకుండా చేసి ఉండరు.

నిజాయితీగా “పనిచేయడం లేదు, బోర్డు మీద బ్యాటరీ కారింది” అని రాసి అమ్మే యంత్రం నా దృష్టిలో ఇలాంటి దానికంటే ఎంతో మేలైన కొనుగోలు. అక్కడ కనీసం లక్క గీకే పని, ఒకరు దాచినదాన్ని వెతికే పని ఉండవు.

ఇప్పటికే కొని ఇంటికి తెచ్చుకున్నవారు ప్లగ్ పెట్టకముందే ప్రతి ఫ్యూజును బయటికి తీసి, దాని ఆంపియర్లను, అది ఆలస్యంగా పోయే రకమా కాదా అన్నదాన్ని ఆ యంత్రపు మాన్యువల్‌లోని పట్టికతో సరిచూసుకోండి. ఎర్త్ తీగ కాయిన్ డోర్ దాకా తెగకుండా ఉందో లేదో మల్టీమీటర్‌తో పరీక్షించండి. ఫ్లిప్పర్‌ను చేత్తో పైకి నెట్టి, చివరి స్విచ్ తెరుచుకుంటున్నదేమో కంటితో చూడండి.